ట్రాక్ ప్యాంటు, టీషర్టు మీద గన్ ఎలా క్యారీ చేస్తున్నారు? (టెక్సస్)

రాత్రిషాపు · శుక్రవారం రాత్రి 11:52

అందరికీ నమస్కారం. డాలస్ పక్కన చిన్న కన్వీనియెన్స్ స్టోర్ నడుపుతున్నాను. రాత్రి పదకొండింటికి షాపు కట్టేసి, ఆ రోజు కలెక్షన్ సంచీలో వేసుకుని కారు దాకా నడిచే నలభై అడుగుల దగ్గరే నా భయమంతా. గ్రీన్‌కార్డు వచ్చాక పోయినేడు ఎల్‌టీసీ (గన్ వెంట పెట్టుకు తిరగడానికి టెక్సస్ ఇచ్చే లైసెన్సు) క్లాసుకి వెళ్ళి లైసెన్సు తీసుకున్నా. సిగ్ పి365 అనే చిన్న పిస్టల్ కొన్నా. జీన్స్, గట్టి బెల్టు వేసుకున్న రోజు ఏ ఇబ్బందీ లేదు.

కానీ నేను ఏడాదిలో సగం రోజులు వేసేది ట్రాక్ ప్యాంటు, పలచటి టీషర్టు. ఎండాకాలం బయట 40 డిగ్రీలు, లోపల కూలర్లు నింపే పని, షాపు మూశాక అటునుంచి అటే జిమ్ముకి. ట్రాక్ ప్యాంటు లాస్టిక్‌కి హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) క్లిప్పు తగిలిస్తే ప్యాంటే కిందికి జారుతోంది. మొన్న పాల క్రేటు ఎత్తబోతే గన్ హోల్‌స్టర్‌తో సహా పక్కకి ఒరిగిపోయింది. ఒక చేత్తో క్రేటు, ఇంకో చేత్తో నడుము పట్టుకుని అలాగే నిలబడిపోయా. కౌంటర్ అవతల ఏడెనిమిదేళ్ళ పిల్లాడు నన్నే చూస్తున్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జేబులో వేసుకుంటే ఊగుతోంది, తొడకి కొట్టుకుంటోంది. మీరు ఎలా చేస్తున్నారో చెప్పండి. కొనమంటే కొంటాను, మానెయ్యమంటే మానేస్తాను.

అట్లాంటా పాలెం · శనివారం ఉదయం 6:20

తమ్ముడూ, ట్రాక్ ప్యాంటు జేబుకి పి365 బరువే. ఖాళీదే అర కిలో ఉంటుంది, లోపల పదకొండు తూటాలు వేసుకుంటే ఇంకా ఎక్కువ. నేను రూగర్ ఎల్‌సీపీ అనే ఇంకా చిన్న పిస్టల్ వాడతాను, తూటా .380 సైజు. ఖాళీగా 270 గ్రాముల చిల్లర. జేబు హోల్‌స్టర్‌లో పెట్టి ముందు జేబులో వేస్తే పర్సులాగే ఉంటుంది. ఆ జేబులో ఇంకేమీ వెయ్యను. తాళంచెవి వెయ్యను, చిల్లర వెయ్యను, టిష్యూ కూడా వెయ్యను. ఇది నాకు పదేళ్ళ అలవాటు.

రేంజ్ మాస్టారు · శనివారం ఉదయం 8:05

శ్రీను అనో రాము అనో పేరు తెలియదు గానీ, తమ్ముడూ, ఆ క్రేటు సంగతి దాచకుండా రాసినందుకు ముందు నీకు దండం. చాలామంది చెప్పరు. నేను హ్యూస్టన్ వైపు వారాంతాల్లో ఎల్‌టీసీ క్లాసులు చెప్తాను. ప్రతి బ్యాచ్‌లో ఒక్కడన్నా ఇదే అడుగుతాడు.

తప్పు ట్రాక్ ప్యాంటుది కాదు. హోల్‌స్టర్ పనిచెయ్యాలంటే దాన్ని బిగించి పట్టుకునేది ఒకటి ఉండాలి. జీన్స్ మీద ఆ పని బెల్టు చేస్తుంది. హోల్‌స్టర్‌కి పక్కన చిన్న రెక్కలాంటిది ఉంటుంది చూడు, క్లా అంటారు. అది బెల్టుకి ఆనుకుని గన్ పిడిని పొట్ట వైపు తిప్పుతుంది. అందుకే చొక్కా మీద ఉబ్బు కనిపించదు. లాస్టిక్‌కి ఆ బిగువు ఎక్కడిది? క్లా దేన్ని ఆనుకోవాలి? అందుకే పిడి బయటికి పడుతుంది, బరువుకి నడుము పట్టీ మడత పడుతుంది, వంగగానే ఒరుగుతుంది.

కాబట్టి గన్ని బట్టకి తగిలించకు, ఒంటికి కట్టు. మన మొలతాడు ప్యాంటు మీద ఆధారపడి ఉంటుందా? అలాగన్నమాట. బట్టతో సంబంధం లేని పద్ధతులు రెండున్నాయి. ఒకటి బెల్లీ బ్యాండ్, అంటే వెడల్పాటి లాస్టిక్ పట్టీ. రెండోది ఫిల్‌స్టర్ ఎనిగ్మా లాంటి చట్రం. సన్నటి సొంత బెల్టు, దానికి ఒక పలక, పలకకి కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్, కిందినుంచి తొడకి ఒక తాడు. ఇదంతా ప్యాంటు లోపల ఒంటి మీద ఉంటుంది. పైన నిక్కరు వేసుకో, లుంగీ కట్టుకో, దానికి తేడా లేదు.

బెల్లీ బ్యాండ్ కొంటే ఒక్క మాట గుర్తుపెట్టుకో. ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) మీద గట్టి కైడెక్స్ తొడుగు ఉండాల్సిందే. గుడ్డ పట్టీలో గన్ దోపి తిరిగితే బయటినుంచి నొక్కినా ట్రిగ్గర్ కదులుతుంది. 20 డాలర్ల పట్టీలు చాలా వాటిలో గుడ్డ తప్ప ఇంకేం ఉండదు. నా క్లాసులో ఎవరైనా అలాంటిది తెస్తే రేంజ్ (కాల్చడం సాధన చేసే చోటు) మీదికి రానివ్వను.

గోదారిగట్టు · శనివారం ఉదయం 9:31

మాస్టారు చెప్పినదానికి నా అనుభవం కలుపుతాను. నేను ఆస్టిన్‌లో తెల్లవారుజామున పరుగెడతాను, వారానికి నాలుగు రోజులు, ఎనిమిదేసి కిలోమీటర్లు. ఆ టైములో ట్రెయిల్ మీద మనిషి ఉండడు.

మొదట బెల్లీ బ్యాండ్ బొడ్డు కింద కట్టాను. మొదటి కిలోమీటర్ బాగానే ఉంది. రెండో కిలోమీటర్‌కి చెమటకి తడిసి పట్టీ పైకి పాకడం మొదలెట్టింది. అయిదో కిలోమీటర్‌కి పక్కటెముకల మీదుంది. ఇంటికొచ్చి చూస్తే స్లయిడ్ (గన్ మీద ముందుకీ వెనక్కీ జరిగే ఇనుప భాగం) వెనక అంచు తగిలినచోట అరచెయ్యంత మేర తోలు లేచిపోయింది. స్నానం చేస్తుంటే ప్రాణం పోయింది.

ఇప్పుడు ఎనిగ్మా. సెట్ చేసుకోడానికి ఒక ఆదివారం పూర్తిగా పట్టింది, నిజం చెప్పాలి. అద్దం ముందు కూర్చుని, లేచి, గుంజీలు తీసి, మళ్ళీ స్క్రూ తిప్పి. తొడ తాడు బిగువు కుదిరేదాకా ఎగురుతూనే ఉంటుంది, కుదిరాక ఉందనే గుర్తుండదు. ఒంటికీ హోల్‌స్టర్‌కీ మధ్య పలచటి బనీను వేసుకుని, ఒరిసేచోట వేసలీన్ రాస్తాను.

చెమట సంగతి ఎవరూ చెప్పరు. ఎండాకాలం ప్రతి పరుగు తర్వాతా గన్ విప్పి, తూటాలు తీసి, పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె రాయాలి. నేను ఒక వారం బద్ధకిస్తే వెనక సైట్ స్క్రూ మీద, మ్యాగజైన్ అంచు మీద తుప్పు పట్టింది. చెమటలో ఉప్పు ఇనుమునేమన్నా వదులుతుందా?

ఓరుగల్లు బిడ్డ · శనివారం మధ్యాహ్నం 12:47

అన్నలు, ఒక డౌటు. నేను హెచ్‌1బీ మీదున్న, ప్లేనోల ఉంట. టెక్సస్‌ల 2021 నుంచి పర్మిటే అక్కర్లేదంటున్రు కద. మరి నేను కూడ కొనుక్కోవచ్చా? ఆఫీసుల లేటయినప్పుడు పార్కింగ్ గ్యారేజ్ ఖాళీగుంటది, భయమైతది.

రేంజ్ మాస్టారు · శనివారం మధ్యాహ్నం 1:10

కొనొద్దు నాయనా. చేతిలోకి కూడా తీసుకోవద్దు. దయచేసి పూర్తిగా చదువు.

2021 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకొచ్చిన హెచ్‌బీ 1927 రాష్ట్ర చట్టం. 21 ఏళ్ళు నిండి, చట్టప్రకారం గన్ ఉంచుకునే హక్కున్నవాడికి లైసెన్సు అక్కర్లేదంది, అంతే. ఆ హక్కు ఎవరికి లేదో చెప్పేది ఫెడరల్ చట్టం, 922(జి). నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు గన్ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్‌1బీ, ఎఫ్1, హెచ్4, ఎల్1 అన్నీ అందులోకే వస్తాయి. 2022 నుంచి దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. నీ గ్రీన్‌కార్డు కల కూడా అక్కడితో సరి.

వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉందని యూట్యూబులో చెప్తారు. చట్టంలో ఆ మాట నిజమే. కానీ దాన్ని పట్టుకుని నడుముకి గన్ కట్టుకోవాలనుకుంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుకి ఫీజు కట్టి అడుగు. ఫోరంలో మేం చెప్పిన మాట నమ్మి ఆ పని చెయ్యకు. ఫ్రెండు గన్ ఇచ్చి రేంజ్‌లో కాల్చమన్నా అదీ చేతిలో ఉన్నట్టే లెక్క. గన్ షాపులో 4473 ఫారం నింపిస్తారు, అందులో వీసా సంగతి అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది వేరే నేరం.

పార్కింగ్ భయానికి సెక్యూరిటీకి ఫోన్ చేసి కారు దాకా తోడు రమ్మను. అడగడానికి మొహమాటపడకు.

ఓరుగల్లు బిడ్డ · శనివారం మధ్యాహ్నం 1:22

అమ్మో. నా రూమ్మేటు వచ్చే శనివారం రేంజ్‌కి పోదామన్నడు. ఆనికి గిప్పుడే చెప్త. మస్తు థాంక్స్ సర్.

లక్ష్మి_ఫ్రిస్కో · శనివారం సాయంత్రం 5:40

ఆడవాళ్ళ వైపునుంచి కూడా ఒకరు రాయాలి కదా. నేను సిటిజన్‌ని, మూడేళ్ళుగా క్యారీ చేస్తున్నా. యోగా ప్యాంట్లకి జేబులుండవు, బెల్టు పెట్టడానికి లూపులుండవు. లెగ్గింగ్స్ పక్క జేబులో గన్ పెట్టుకునేవాళ్ళని చూశాను. అది ఫోను పెట్టుకునే జేబు, దయచేసి అలా చెయ్యకండి.

నాకు పనిచేసింది ట్రిగ్గర్ తొడుగున్న బెల్లీ బ్యాండే. హై వెయిస్ట్ లెగ్గింగ్స్ లోపల కడితే, ఆ లెగ్గింగ్సే పైనుంచి అదిమి పట్టీని కదలనివ్వదు. గోదారిగట్టు గారిలా పైకి పాకే సమస్య నాకు రాలేదు, బహుశా పరుగెత్తను కాబట్టేమో, నాది నడకే. పైన కొంచెం వదులుగా, ముదురు రంగు టీషర్టు. చిన్న చిన్న పువ్వులున్న బట్టయితే ఉబ్బు ఇంకా కనపడదు. తెల్లటి పలచటి బట్ట అన్నీ చెప్పేస్తుంది.

కుర్తా మీద దాచడం తేలికే, తియ్యడమే కష్టం. మోకాలిదాకా ఉన్న బట్ట ఎత్తి తియ్యాలి. పక్క చీలిక నడుం దాకా ఉన్న కుర్తాలు మాత్రమే వేసుకుంటాను. ఒకసారి ఖాళీ గన్‌తో ఇంట్లో ప్రయత్నిస్తే కుర్తా అంచు గన్‌తో పాటే పైకొచ్చింది. చీర కట్టిన రోజు గన్ ఇంట్లో సేఫ్‌లోనే. కుచ్చిళ్ళ వెనకున్నదాన్ని ఆపద వేళ నేను తియ్యలేను. తియ్యలేనిది మోసుకెళ్ళడం ఎందుకు?

ఇంకోటి. మా బాబుకి నాలుగేళ్ళు. పార్కులో పరుగెత్తుకొచ్చి నడుము చుట్టేసుకున్నాడు. "అమ్మా, నీ బొజ్జ గట్టిగా ఉందేంటి?" అన్నాడు. ట్రిగ్గర్ మీద గట్టి తొడుగు లేకపోతే వాడి చెయ్యి పడిన చోటు తలుచుకుంటేనే నాకు చెమటలు పడతాయి. ఇంటికి రాగానే బ్యాండ్ విప్పి, గన్ హోల్‌స్టర్‌లో ఉండగానే సేఫ్‌లో పెట్టేస్తాను. సోఫా మీద ఒక్క నిమిషం కూడా ఉంచను. లోడ్ చేసిన గన్ అందేలా వదిలేసి, అది 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సస్‌లో అది నేరమే. నేరం కాకపోయినా నేను అలాగే చేసేదాన్ని.

రాత్రిషాపు · శనివారం రాత్రి 11:58

ఇప్పుడే షాపు కట్టేసి వచ్చి అన్నీ చదివాను. లక్ష్మి గారూ, ఆ పిల్లాడి మాట చదివి కాసేపు ఆగిపోయా. నాకూ ఆరేళ్ళ పాప ఉంది.

ఒక ప్రశ్న. చాంబర్‌లో (గొట్టం వెనక, పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోట) తూటా లేకుండా క్యారీ చేస్తే ఈ భయాలు ఉండవు కదా? ఇంకోటి, జిమ్‌లో ఏం చెయ్యాలి? లాకర్‌లో పెట్టొచ్చా?

అట్లాంటా పాలెం · ఆదివారం ఉదయం 6:15

చాంబర్ ఖాళీగా ఉంటే స్లయిడ్ లాగడానికి రెండు చేతులూ కావాలి. నీ ఒక చేతిలో కలెక్షన్ సంచీ ఉంటుందన్నావు.

రేంజ్ మాస్టారు · ఆదివారం ఉదయం 7:50

పాలెం గారన్నది నిజమే. అయినా నీకింకా చెయ్యి స్థిరపడలేదనిపిస్తే కొన్ని వారాలు ఖాళీ చాంబర్‌తో ఇంట్లో తిరుగు, తప్పేం లేదు. ఆ కొన్ని వారాల్లో ట్రిగ్గర్ ఒక్కసారి కూడా పడలేదని, అంటే దానంతట అది నొక్కుకోలేదని, నీ కళ్ళతో నువ్వు చూస్తావు. నీ హోల్‌స్టర్ మీద నీకు నమ్మకం కుదిరేది అలాగే.

ప్రమాదం ఎక్కువగా జరిగేది గన్ లోపల ఊరికే కూర్చున్నప్పుడు కాదు, హోల్‌స్టర్‌లోకి తిరిగి పెట్టేటప్పుడు. ట్రాక్ ప్యాంటు వేసుకునేవాళ్ళకి ఇంకో శత్రువుంది, నాడా. దాని కొసన ప్లాస్టిక్ పూస ఉంటుంది చూడు, చిటికెన వేలి కొసంత. అది హోల్‌స్టర్ నోట్లో పడి ఉంటే, మీద నువ్వు గన్ దించితే, ఆ పూస ట్రిగ్గర్ గార్డులో దూరి వేలు చేసే పనే చేస్తుంది. నా దగ్గరికొచ్చే ప్రతివాడికీ చెప్తాను: నాడా కత్తిరించెయ్, లేదా లోపలికి ముడేసెయ్. టీషర్టు అంచూ అంతే. పెట్టేటప్పుడు బట్ట మొత్తం పైకెత్తి, తల వంచి, కళ్ళతో చూసి, నెమ్మదిగా. దానికన్నా మేలైనది ఇంకోటుంది. గన్ని హోల్‌స్టర్‌లో ముందే పెట్టి, రెండూ కలిపి ఒంటికి కట్టుకో. విప్పేటప్పుడూ కలిపే విప్పు.

జిమ్ సంగతి. ముందు గుమ్మం చూడు. లైసెన్సున్నవాడు దాచి తేవొద్దంటే 30.06 బోర్డు, బయటికి కనపడేలా తేవొద్దంటే 30.07, లైసెన్సు లేనివాళ్ళకి 30.05. ఇంగ్లీషు, స్పానిష్ రెండింట్లో, అంగుళం అక్షరాలతో ఉంటుంది. 30.06 ఉంటే చర్చ లేదు, కారులోనే. కారులో అంటే గ్లవ్ బాక్సులో కాదు, సీటు కింది ఇనుముకి కేబుల్‌తో కట్టిన లాక్ బాక్సులో. పార్కింగ్ లాట్‌లో ఆ పని చేస్తూ నలుగురికీ కనపడొద్దు, ఇంటి దగ్గరే పెట్టేసి బయల్దేరు.

బోర్డు లేకపోతే, ఒంటి మీద ఉంచుకుని వ్యాయామం చెయ్యగలిగితే చెయ్యి, లేకపోతే ఇంట్లో పెట్టు. లాకర్ మాత్రం వద్దు. ఆ రేకు తాళం ఊడబీకడానికి ఎంత సేపు పడుతుంది చెప్పు.

గోదారిగట్టు · ఆదివారం ఉదయం 10:04

నేను బరువులెత్తే రోజు పెట్టుకోను. డెడ్‌లిఫ్ట్‌కి వంగితే గన్ పొట్టలోకి గుచ్చుకుంటుంది. బెంచ్ మీద పడుకుంటే టీషర్టు పైకి లేస్తుంది, పక్కవాడికి కనపడుతుంది. ఆ గంట లాక్ బాక్సే.

బాత్‌రూమ్ గురించి కూడా ఎవరైనా చెప్పాలి కాబట్టి చెప్తున్నా. పబ్లిక్ బాత్‌రూమ్‌లో గన్ తీసి టిష్యూ పెట్టె మీద పెట్టి మర్చిపోయి వచ్చేసినవాళ్ళ వార్తలు ఎన్నో చదివాం. హోల్‌స్టర్‌లోంచి తియ్యొద్దు. ప్యాంటుతో పాటే కిందికి పోనీ, కానీ ఒంటికి దూరం కానివ్వొద్దు.

జెర్సీ మామ · ఆదివారం మధ్యాహ్నం 2:30

టెక్సస్ వాళ్ళందరికీ ఒక మాట. వేసవి సెలవుల్లో కార్లేసుకుని మా వైపు చుట్టాలింటికి వస్తుంటారు. మీ ఎల్‌టీసీ న్యూజెర్సీలో చెల్లదు, న్యూయార్క్‌లో చెల్లదు, కాలిఫోర్నియాలో చెల్లదు. 2022లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు తర్వాత ఇక్కడ కూడా పర్మిట్లు ఇస్తున్నారు గానీ, అది ఇక్కడి పర్మిట్. జీన్స్ అయినా ట్రాక్ ప్యాంటు అయినా దారిలో ప్రతి రాష్ట్రం చట్టం చూసుకుని బయల్దేరండి.

కాటీ సుబ్బు · ఆదివారం రాత్రి 9:15

ఇన్నాళ్ళూ ఈ ఫోరంలో చదవడమే గానీ రాయలేదు. ఇప్పుడు రాయకపోతే తప్పనిపించింది.

నేను ఒంటి మీద కట్టుకోలేక జిమ్ బ్యాగులో పెట్టుకునేవాణ్ణి. నల్ల డఫెల్ బ్యాగు, పక్క జేబులో హోల్‌స్టర్. అదే బ్యాగు రేంజ్‌కీ తీసుకెళ్ళేవాణ్ణి. రెండేళ్ళ క్రితం నాన్నగారికి ఒంట్లో బాగాలేదని ఫోనొస్తే రాత్రికి రాత్రి బట్టలన్నీ అదే బ్యాగులో కుక్కేసి ఇండియా బయల్దేరా. గన్ ఇంట్లో సేఫ్‌లోనే పెట్టా. బ్యాగు ఖాళీ అని రెండుసార్లు దులిపి చూశా.

వెళ్ళేటప్పుడు ఎవరికీ కనపడలేదు. తిరిగొచ్చేటప్పుడు మన దేశంలో ఒక ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర ఆపేశారు. అట్ట అడుగున కుట్టు ఊడినచోట, లైనింగుకీ అట్టకీ మధ్య ఒక్క 9ఎంఎం తూటా. ఒక్కటే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా ఉన్నా నేరమే, గన్ ఉండక్కర్లేదు. ఫ్లైటు పోయింది. స్టేషన్, బెయిలు, లాయరు. తెలిసి ఉంచుకున్నావా తెలియకనా అన్నదాని మీదే కేసు నిలబడుతుందని లాయరు చెప్పాడు. ఆ మాట కోర్టు దాకా చేరేసరికి నా ఉద్యోగం ఊగిసలాడింది. అమ్మ కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్న రోజు నేను మర్చిపోలేను.

రేంజ్ బ్యాగు రేంజ్‌కే. జిమ్ బ్యాగు జిమ్‌కే. గన్ గానీ తూటా గానీ ఒక్కసారి తాకిన బ్యాగు విమానం ఎక్కకూడదు. దాన్ని ఇంకొకరికి ఇవ్వను కూడా ఇవ్వకండి, వాళ్ళూ ఇండియా వెళ్తారు.

లక్ష్మి_ఫ్రిస్కో · ఆదివారం రాత్రి 9:40

సుబ్బు గారూ, ఇది చదివాక లేచి వెళ్ళి మా ఆయన బ్యాగు గ్యారేజ్‌లో బోర్లించి చూశాను. ఏమీ లేదు. అయినా దాని మీద మార్కర్‌తో 'రేంజ్' అని రాసేశాను.

అట్లాంటా పాలెం · సోమవారం ఉదయం 6:30

నడుం సంచీ, భుజం సంచీ వాడేవాళ్ళకీ ఇదే. సంచీ అంటే ఎక్కడో ఒకచోట పెట్టేస్తాం, పెట్టామంటే మర్చిపోతాం.

రాత్రిషాపు · మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 12:20

మీరంతా ఓపిగ్గా రాశారు కదా, చివరికి ఏం చేశానో చెప్తున్నా. చట్రం పద్ధతికే మొగ్గాను. మొదటి వారం ఖాళీ గన్‌తో, తూటాలు వేరే గదిలో పెట్టి, ఇంట్లోనే తిరిగా. గిన్నెలు తోమా, పాపని ఎత్తుకున్నా, కింద కూర్చుని అన్నం తిన్నా. మఠం వేసుకుంటే గొట్టం కొస తొడ సందులో గుచ్చుకుంది. మాస్టారుకి మెసేజ్ పెడితే హోల్‌స్టర్ వెనక కొసన మెత్తటి దిండు ముక్క అతికించమన్నారు. అర అంగుళం మందం స్పాంజి. దాంతో గుచ్చుకోవడం పోయింది, పిడి కూడా పొట్టకి ఆనింది.

రెండో వారం ట్రిగ్గర్ ఒక్కసారీ పడలేదు. మూడో వారం నుంచి షాపులో లోడ్ చేసి పెట్టుకుంటున్నా. నిన్న పాల క్రేట్లు పద్నాలుగు ఎత్తాను. చెయ్యి నడుము మీదికి ఒక్కసారి కూడా పోలేదు.

ట్రాక్ ప్యాంట్లు అయిదింటికీ నాడాలు తీసేశా. మా జిమ్ముకి 30.06 బోర్డు ఉంది, ఇన్నాళ్ళూ గమనించలేదు, పక్క అద్దం మీద ఉంది. కారులో లాక్ బాక్స్ బిగించాను. కలెక్షన్ కూడా రాత్రిపూట మోసుకెళ్ళడం మానేశా. షాపు వెనక గదిలో నేలకి బిగించిన సేఫ్‌లో వేసి, పొద్దున్నే బ్యాంకుకి తీసుకెళ్తున్నా. ఆ నలభై అడుగులూ ఇప్పుడు ఉత్తచేతులతో నడుస్తున్నాను.

ఒక్కటి మిగిలింది. చెమటకి బనీను రోజుకి రెండు మారుస్తున్నా, అయినా హోల్‌స్టర్ లోపల తెల్లటి ఉప్పు పొర కడుతోంది. కైడెక్స్‌ని దేనితో కడుగుతున్నారు?

గోదారిగట్టు · సోమవారం ఉదయం 5:10

గన్ తీసి పక్కన పెట్టాక, గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్. వేడి నీళ్ళు వద్దు, కైడెక్స్ మెత్తబడి ఆకారం పోతుంది. కారులో ఎండకీ వదిలెయ్యొద్దు. పూర్తిగా ఆరాకే గన్ పెట్టు. పెట్టే ముందు స్క్రూలు ఒకసారి చూసుకో, పరుగుకి వదులవుతాయి.